ఉప్పుగాలి వేళ

సెవెరియానో ఉయికాబ్ ఇంట్లో అల్లుడు పడుకునే వల ఉయ్యాల గుమ్మం పక్కన, దూలానికి కొట్టిన ఆఖరి కొక్కేనికి వేలాడుతుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, కోళ్ళూ, కుక్కా, అందరూ దాన్ని రాసుకునే వెళ్ళాలి. ఆ ఊళ్ళో పిల్లని చేసుకున్నవాడు మామగారింట్లోనే ఉండి, మామగారి చేలో కలుపు తీసి, ఆయన ఇక చాలన్నదాకా చాకిరీ చేయాల్సిందే. అది అక్కడి పద్ధతి. ఎలాదియోకి దాంతో పేచీ లేదు, ఉయ్యాల చోటుతోనూ పేచీ లేదు. ఆ ఉయ్యాలనే దించుకుని పొమ్మని మామగారు నలుగురి ముందూ అన్నాడే, అది మాత్రం గుండెలో ముల్లులా దిగింది.

"ఆదివారం వాన పూజ. జింక నేనిస్తానని మాటిచ్చా. ఇచ్చానా, సరే. ఇవ్వలేకపోయానా, సోమవారం పొద్దున్నే నీ ఉయ్యాల చుట్టుకుని నీ సముద్రానికి నువ్వు పో, ఎండుచేపా. నా తుపాకీకి పట్టిన దరిద్రం వదలాలంటే ముందు నువ్వు నా గడప వదలాలి" అన్నాడు సెవెరియానో. అని, మజ్జిగ తాగినంత తాపీగా, మొక్కజొన్న పిండి కలిపిన పొసోలే గిన్నె ఎత్తి తాగాడు.

ఎండుచేప అనేది ఎలాదియోకి ఊరు పెట్టిన పేరు. బస్సెక్కి ఒక కునుకు తీసేలోపు వచ్చే సముద్రపొడ్డున పుట్టాడతను. పడవ, వల, ఉప్పు తప్ప మరో లోకం తెలియకుండా పెరిగాడు. ఈ ఊరి తిరనాళ్ళకి ఎండుచేపల బుట్టతో వచ్చి, రెమిహియాని చూసి, చేపలకన్నా ముందు తనే అమ్ముడుపోయాడని క్రెసెన్సియో ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంటాడు. క్రెసెన్సియో అంటే సెవెరియానో తమ్ముడు, రెమిహియాకి చిన్నాన్న. అతని నోరు మూతపడేది నిద్రలోనే, అదీ అనుమానమే.

ఇక దరిద్రం సంగతి. పెళ్ళయిన కొత్తలో సెవెరియానో ఒక కొమ్ముల పోతు జింకని కొట్టుకొచ్చి అల్లుడికి విందు చేశాడు. తిన్నాక ఎలాదియో, పనిమంతుడనిపించుకోవాలన్న తాపత్రయంలో ఎముకలన్నీ పోగేసి కుక్కకి వేశాడు. ఒడ్డున అయితే చేప ముల్లు పిల్లికో సముద్రపు కొంగ పెలికాన్‌కో వేసినవాడు మంచివాడి కిందే లెక్క. ఇక్కడ అలా కాదు. జింక దవడని చూరుకి కట్టి ఉంచి, వాన పూజకి ముందు అడవికి తిరిగి ఇచ్చెయ్యాలి. జింకలన్నిటికీ పెద్దదిక్కు ఒకటుందంటారు. కుందేలంత ఉంటుంది, కొమ్ముల మధ్య కందిరీగల తుట్టె పెట్టుకుని తిరుగుతుంది. దవడ తిరిగి రాకపోతే ఆ ఇంటి తుపాకీకి అది జింకల్ని కనబడనివ్వదు.

ఆ రోజు దవడ నోట కరుచుకుని పెరడంతా గంతులేస్తున్న కుక్కని చూసి అత్తగారు నికోలాసా నెత్తిన చేతులు పెట్టుకుంది. సెవెరియానో మాత్రం కొత్త అల్లుడని ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత అతని తుపాకీకి ఒక్క జింకా పడలేదు. ఆ రోజు మింగిన మాటలన్నీ ఏడాది పొడుగునా వాయిదాల మీద అంటూ వచ్చాడు.

అతని బాధా చిన్నది కాదు. వేటకి ఏ వేళ బయల్దేరాలో, ఎవరు ఏ మూల కాపు కాయాలో చెప్పే పెద్ద అతనే. తండ్రి తర్వాత ఆ పెద్దరికం అతనికొచ్చింది. ఈమధ్య అతను వేళ చెబుతుంటే మగాళ్ళు తలూపుతున్నారు గానీ, ఊపుతూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. సెవెరియానోకి చూపు తగ్గలేదు, అదంతా కనిపిస్తూనే ఉంది.

రెమిహియా పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతూ భర్త మొహం చూసింది.

"అలా మొహం వేలాడేసుక్కూచోకు. నువ్వెళ్తే నేనూ వస్తా."

"ఎక్కడికొస్తావ్?"

"మీ ఊరికి."

"మా ఊళ్ళో నాకేముంది? పడవ తుపానులో పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. ఇల్లు సగం ఇసకలో ఉంది. ఈ కడుపుతో నిన్ను తీసుకెళ్ళి పెలికాన్ల పక్కన కూచోబెట్టనా?"

రెమిహియా కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వబోయి మానుకుంది. పురుడు అమ్మ చేతుల్లో పోసుకోవాలని ఆమెకి ఉంది. ఆ మాట ఆమె అనలేదు, అతనూ అడగలేదు. కానీ అతనికి తెలుసు. అందుకే, ఏ దారీ తోచకపోయినా, వెళ్ళకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

"ముందా దవడ వెతుకు" అంది రెమిహియా.

"కుక్క ఎప్పుడో నమిలేసి ఉంటుంది."

"జింక దవడ నమలడానికి మా కుక్కకి పళ్ళెక్కడున్నాయయ్యా? ఎక్కడో పాతిపెట్టి మర్చిపోయుంటుంది, మా చిన్నాన్న తన కత్తిని మర్చిపోయినట్టు."

పెరడంతా తవ్వితే నీళ్ళ తొట్టి కింద దొరికింది. ఒక పక్క పంటి గాట్లు తప్ప దవడ దవడలాగే ఉంది. ఎలాదియో దాన్ని బూడిదతో తోమి, పాత చొక్కా ముక్కలో చుట్టి దాచాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మొక్కజొన్న నడుమెత్తు పెరిగి, ఆకులు చుట్టలు చుట్టుకుని నిలబడిపోయింది. అడవిలో నీటి గుంటలన్నీ ఎండిపోయి, ఊరికి ఉత్తరాన రాతిలో ఉన్న దొన ఒక్కటే మిగిలింది. దాహం వేసిన ఏ జంతువైనా అక్కడికి రావాల్సిందే. అంచేత కాపు ఎక్కడ కాయాలన్న దానిమీద ఊళ్ళో తగువు లేదు. తగువల్లా ఎప్పుడు కాయాలన్న దాని మీదే.

"తెల్లవారుజామున" అన్నాడు సెవెరియానో. "రాత్రంతా మేసిన జింక పడుకోబోయే ముందు నీళ్ళు తాగుద్ది. మా నాన్న చెప్పిన వేళ."

"మీ నాన్న నాకూ నాన్న కాడా ఏంటి? నాతో పొద్దు వాలేప్పుడని చెప్పాడు" అన్నాడు క్రెసెన్సియో. "ఎండకి పడుకున్న జింక లేచాక ముందు నీళ్ళకే వస్తది."

"నీకు చెప్పినప్పుడు తాగున్నాడు."

"నీకు చెప్పినప్పుడు నిద్రలో ఉన్నాడు."

చివరికి రెండు వేళలూ కాశారు. తెల్లవారుజామున దొనకి దక్షిణంగా, ఊరి బాట పక్క చెట్టు మీద కట్టిన మంచె ఎక్కి కూర్చున్నారు. సెవెరియానో తుపాకీతో ముందు, క్రెసెన్సియో పక్కన, సొరకాయ నీళ్ళ బుర్రా రొట్టెల మూటా పట్టుకుని ఎలాదియో వెనక. వెలుగు రాబోతుండగా అవతలి పొదల్లో ఏదో కదిలింది. సెవెరియానో ఊపిరి బిగబట్టాడు. అంతలో బుస్సుమని ఒక చీదుడు, తెల్ల తోక ఒకటి పైకి లేచి మాయమైంది. తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఈగలు తప్ప ఏమీ రాలేదు.

"చూశావా? ఎండుచేప వాసన తగిలింది దానికి" అన్నాడు క్రెసెన్సియో.

తమాషాకే అన్నాడు. సెవెరియానో నవ్వలేదు. ఎలాదియో కూడా నవ్వలేదు, ఎందుకంటే ఆ మాటలో సగం నిజమేమోనని అతనికి అప్పుడే అనిపించింది. సాయంత్రం కాపులో ఆ చీదుడు కూడా లేదు. దొన చుట్టూ గాలి కూడా ఆడకుండా పొద్దు గుంకింది.

మర్నాడు తెల్లవారుజామునా అదే చీదుడు, అదే తోక. కాపు నుంచి వచ్చాక ఎలాదియో చేనికి వెళ్తూ దొన దగ్గర ఆగి, బుర్రలో నీళ్ళు ముంచుకున్నాడు. చేలో పని ముగించుకుని, మామగారి కన్నా ముందుగా సాయంత్రం కాపుకి అటునుంచే వచ్చాడు. ఒడ్డున బురదలో పొద్దుటి తన చెప్పు గుర్తు కనిపించింది. అతని చెప్పులు బస్సు టైరుతో కుట్టినవి, ఆ గీతలు ఊళ్ళో ఎవరి చెప్పుకీ లేవు. ఆ గీతల మీద, సరిగ్గా మడమ దగ్గర, రెండు ముక్కలుగా చీలిన డెక్క గుర్తు లోతుగా దిగి ఉంది.

ఎలాదియో మోకాళ్ళ మీద కూర్చుని దాన్నే చూశాడు. తను అడుగు వేసింది పొద్దుటి పూట. డెక్క పడింది దాని మీద. ఇప్పటికి దాని అంచులు ఆరిపోయాయి. అంటే జింక వచ్చింది తెల్లవారుజామునా కాదు, పొద్దు వాలేప్పుడూ కాదు. నడి ఎండలో, ఊరు ఊరంతా ఉయ్యాలల్లో గురకపెట్టే వేళ వచ్చి, కడుపునిండా తాగి వెళ్ళిపోయింది.

మామగారూ చిన్నమామా రాగానే ఆత్రంగా చూపించాడు.

"మావా, ఇవి మధ్యాహ్నం వస్తున్నాయి. మనం వచ్చే వేళలు వీటికి తెలిసిపోయాయి. రేపు మధ్యాహ్నం కాద్దాం."

క్రెసెన్సియో ఆ గుర్తు వంకైనా చూడకుండా పొట్ట పట్టుకుని నవ్వాడు. "మధ్యాహ్నమా! మధ్యాహ్నం మా ఊళ్ళో దెయ్యాలు కూడా ఉయ్యాల దిగవు నాయనా. అన్నయ్యా, విన్నావా? నీ అల్లుడు భోజనం చేసి వేటకెళ్దామంటున్నాడు. తిన్నాక ఒక కునుకు కూడా తీసి వెళ్దామా అల్లుడూ? జింకని కూడా ఉయ్యాలలో పడుకోబెట్టి కొడదామా?"

సెవెరియానో వంగి డెక్క గుర్తు చూశాడు. చాలాసేపే చూశాడు. కానీ తమ్ముడు నవ్వుతున్నాడు. తమ్ముడి ముందు, దవడని కుక్కకి వేసినవాడి మాట పట్టుకుని వేళ మార్చడమంటే తల తీసి అతని చేతిలో పెట్టినట్టే.

"మధ్యాహ్నం వేటకెళ్ళినవాణ్ణి నా పుట్టుకలో చూళ్ళేదు. వేళ నేను చెప్తా. నువ్వు బుర్ర మొయ్యి చాలు" అని మంచె ఎక్కాడు.

ఆ సాయంత్రమూ ఏమీ రాలేదు. కడుపు నిండిన జింక మళ్ళీ ఎందుకొస్తుంది?

పూజ మాంసం శనివారం రాత్రికే గుంటలో పెట్టాలి గనక ఆ తెల్లవారుజాము కాపే ఆఖరిది, అదీ తెల్ల తోకతోనే ముగిసింది.  ఇంటికొచ్చి, తుపాకీ గోడకి తగిలించి, తిండి ముట్టకుండా ఉయ్యాలలో పడుకుని గోడవైపు తిరిగాడు పెద్దాయన. రేపు ఊరందరి ముందూ ఖాళీ చేతులతో నిలబడాలి. అతని వీపు చూస్తుంటే ఎలాదియోకి కోపం రాలేదు, జాలేసింది. తిట్టేవాడి మీద జాలిపడటం కన్నా పెద్ద ఇబ్బంది లేదు.

ఎలాదియో వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. రెమిహియా మధ్యాహ్నం వంటకి పొయ్యి రాజేసింది. పొగ ఎప్పటిలాగే ఉత్తరంగా, దొన వైపు పోతోంది. ఎలాదియో ఆ పొగని చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు. పొద్దుటి పూట గాలి నేల మీద నుంచి ఉత్తరాన ఉన్న సముద్రానికి పోతుంది. మంచె దొనకి దక్షిణాన ఉంది. జింకలు పడుకునే దట్టం దానికి ఉత్తరాన. రోజూ తెల్లవారుజామున ముగ్గురు మగాళ్ళ చెమటా, క్రెసెన్సియో నమిలే పొగాకూ, రొట్టెల మూటా అన్నీ కలిపి గాలి తీసుకెళ్ళి జింకల ముక్కుకి అందిస్తోంది. ఇంకా చీదక ఏం చేస్తాయి?

కానీ మధ్యాహ్నం ఆ గాలి తిరుగుతుంది. ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి పట్టదు, అందరూ నిద్రలో ఉంటారు. ఎలాదియోకి పడుతుంది. ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ ప్రతి మధ్యాహ్నం అదే వేళకి అతనికి మెలకువ వస్తోంది. ఉక్కపోసి, ఆకు కదలక, అంతా బిగుసుకుపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఉత్తరం నుంచి చల్లగా తగులుతుంది. పైపెదవి నాకితే పిసరంత ఉప్పు. ఒడ్డున పడవలు తెరచాప ఎత్తి ఇంటికి మళ్ళే వేళ అది. తండ్రి చుక్కాని పట్టుకుని పాట ఎత్తుకునే వేళ. రోజూ ఆ కాసేపు అతను ఉయ్యాలలో కళ్ళు మూసుకుని, ఆ పాట వింటున్నట్టు పడుకునేవాడు. ఇంటి మీద బెంగ అనుకున్నాడు. ఇన్నాళ్ళూ జింక వేళ అతన్ని లేపి కూర్చోబెడుతుంటే బెంగ అనుకున్నాడు!

"రెమిహియా" అన్నాడు మెల్లగా. "మీ నాన్న తుపాకీ కావాలి."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఎందుకని అడగలేదు. లోపలికెళ్ళి, కడుపు అడ్డం రాకుండా పక్కకి వంగి, గోడకున్న తుపాకీ దించింది. సెవెరియానో గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. తూటాల డబ్బాలు రెండున్నాయి. రెమిహియా కుడివైపు డబ్బా మీద చెయ్యి వేసింది.

"అందులోవి చెమ్మగిల్లాయి. ఎడమది తీయ్" అంది నికోలాసా తన ఉయ్యాలలోంచి, కళ్ళు తెరవకుండానే.

ఇద్దరూ గిరుక్కున ఆమె వైపు తిరిగారు.

"నన్నేం చూస్తారు? నేను నిద్రపోతున్నా. అల్లుడూ, దవడ మర్చిపోకు. మా ఆయన లేచేలోపు రా నాయనా. లేచాడంటే ముందు నా మీద పడతాడు."

ఎడమ డబ్బాలో ఒకే ఒక్క తూటా ఉంది.

వీధిలో పురుగు లేదు. ఎండ తెల్లగా నిలబడి ఉంది. క్రెసెన్సియో ఇంటి ముందు నుంచి వెళ్తుంటే అతని గురక కంచె దాటి వినిపించింది. ఎలాదియో దొన దాకా వెళ్ళి, అవతలి దట్టం మొదట్లో ఒక రాతి మీద దవడ పెట్టాడు. ఏమనాలో అతనికెవరూ నేర్పలేదు.

"నాకు తెలీక చేశాను" అన్నాడు గట్టిగానే. "మా ఊళ్ళో ముల్లు పిల్లికి వేస్తాం. నీది నీకు తెచ్చిచ్చా. మా మావ తప్పేం లేదు ఇందులో."

వెనక్కి వచ్చి మంచె ఎక్కలేదు. మంచె జింకలకి తెలుసు. దాని పక్కనే పడిపోయిన మాను చాటున, దొనకి దక్షిణంగా, నేల మీద బోర్లా పడుకున్నాడు. అప్పటికింకా గాలి వీపు మీద నుంచే వీస్తోంది, దట్టం వైపు. ఇప్పుడే వచ్చాయంటే పని అయిపోయినట్టే. అతను రావద్దని వేడుకున్నాడు. వేటగాడు జింకని రావద్దని వేడుకోవడం ఆ అడవి ఎప్పుడూ విని ఉండదు.

వీపు మీద గాలి పలచబడింది. ఆగింది. ఆకు కదలడం మానేసింది. కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోలేదు. అలా ఎంతసేపు గడిచిందో. ముందు చెట్ల కొసలు ఉలిక్కిపడ్డాయి. తర్వాత ఆకులు వెల్లకిలా తిరిగి తెల్లగా మెరిశాయి. ఆ తర్వాత చల్లగా, నిండుగా, మొహం మీదికి వచ్చింది. ఎలాదియో పైపెదవి నాకాడు. ఉప్పు.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి బెంగ కాదు, ధైర్యం. పరాయి ఊళ్ళో తనవైపు మాట్లాడటానికి తన సముద్రం ఇంత దూరం నడిచి వచ్చిందనిపించింది.

గాలి వెనకే జింకలు వచ్చాయి. ముందు ఒక ఆడ జింక, దాని పిల్ల. వాటిని అతను వదిలేశాడు, పిల్లతల్లిని కొడితే రెమిహియా మొహం చూడలేడు. రెండూ తాగాయి, తీరిగ్గా, ఎవరి భయమూ లేకుండా. పిల్ల తల ఎత్తి సరిగ్గా అతనున్న వైపే చూసింది. అతను ఊపిరి తీయలేదు. అది చెవి విదిలించుకుని మళ్ళీ వంగింది. గాలి అతని వాసనని వెనక్కి, ఊరివైపు మోసుకుపోతోంది.

అవి వెళ్ళిపోయాక చాలాసేపు ఏమీ లేదు. మామగారు ఈపాటికి లేచే ఉంటాడనిపించింది. అప్పుడు పొదలు రెండుగా విడిపోయి కొమ్ములు బయటికొచ్చాయి. ఆ కొమ్ముల కింద, ఊళ్ళో ఎవరూ ఏడాదిగా చూడని పెద్ద పోతు. అది అడుగేసింది, ఆగింది, మంచె వంక చూసింది. మంచె ఖాళీగా ఉంది. నవ్వుకున్నట్టే తల ఆడించి, దొనలో మూతి పెట్టింది.

ఎలాదియో పేల్చాడు.

పొగ గాలికి వెనక్కి పోయేసరికి పోతు దొన ఒడ్డున పక్కకి ఒరిగి ఉంది. రెండో దెబ్బ అవసరం లేకపోయింది, ఉన్నా తూటా లేదు. అతను దాని పక్కన మోకరిల్లి మెడ మీద చెయ్యి వేశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. ఆ తర్వాత లేచి, ఒక్కడే, పిచ్చివాడిలా అరిచాడు. ఒడ్డున వల నిండితే అరిచే అరుపు అది. ఈ అడవికి కొత్త.

కాళ్ళు కట్టి, బరువు మోసే పట్టీ నొసటికి తగిలించుకుని, వంగి లేచాడు. బాట మలుపులో ఎదురొచ్చాడు సెవెరియానో. చేతిలో కత్తి, కాళ్ళకి చెప్పుల్లేవు, కళ్ళు నిప్పులు. తుపాకీ దొంగని పట్టుకోవడానికి వస్తున్నాడు.

"ఎవణ్ణడిగి నా తుపా..." అని ఆగిపోయాడు.

అల్లుడి భుజం మీద నుంచి కొమ్ములు కనిపిస్తున్నాయి. సెవెరియానో చుట్టూ తిరిగి చూశాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో వేలితో తడిమాడు. తల ఎత్తి సూర్యుణ్ణి చూశాడు, చెట్ల కొసలు చూశాడు, గాలికి ఎదురుగా మొహం పెట్టి కాసేపు నిలబడ్డాడు.  ఎలాదియో చేతిలోని తుపాకీ తను తీసుకున్నాడు.

"పట్టీ కాస్త పైకి లాక్కో. అలా మోస్తే మెడ విరుగుద్ది" అన్నాడు.

"మీరు మోస్తారా మావా?"

"కొట్టినోడే మొయ్యాలి. అది పద్ధతి. పద" అని, తుపాకీ భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఊరి మొదట్లోకి రాగానే, ఏడాదిగా ఎవరూ వినని గొంతుతో కేక పెట్టాడు. "లేవండ్రా! నిద్రపోతుల్లారా! ఉయికాబ్ ఇంటి తుపాకీ మోగింది! లేవండి!"

కుక్కలు లేచాయి, పిల్లలు లేచారు, గుమ్మాల్లో జుట్లు రేగిన తలలు లేచాయి. క్రెసెన్సియో ఒంటి మీద చొక్కా లేకుండా, చెంప మీద ఉయ్యాల అల్లిక గుర్తులతో కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నోరు తెరిచాడు. జనం అతని మాట కోసం చూశారు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. ఊరు ఊరంతా దానికే ముందు నవ్వింది.

గుమ్మంలో రెమిహియా నిలబడి ఉంది. పైగుడ్డ కొసతో అతని నొసటి చెమట తుడిచి, తుడిచి, తుడుస్తూనే ఉంది.

"ఇప్పుడే మెలకువ వచ్చింది నాకు. ఏంటీ గోల?" అంటూ నికోలాసా బయటికొచ్చింది.

ఆదివారం పూజ జరిగింది. మాంసం గుంటలో కప్పి ఉడికించి, వాన దేవతలకి పెట్టి, ఊరంతా తిన్నారు. వాన మాత్రం ఆ రోజు రాలేదు, తన తీరిక చూసుకుని తర్వాత వచ్చింది, చేలు నిలబడేలా వచ్చింది. మాంసం ఊరందరిదీ అయినా తల వేటగాడిది. వంతులు వేసేది సెవెరియానోయే. ఇంతకాలం ఎవరు కొట్టిన జింకైనా అల్లుడి ఆకులో మెడ ఎముక పడేసి ముందుకెళ్ళేవాడు. ఈసారి కొమ్ములతో సహా తల తెచ్చి, ఎలాదియో ముందు రెండు చేతులతో పెట్టాడు. "దవడ జాగ్రత్త" అన్నాడు.  ఎలాదియోకి ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. సోమవారం గురించి ఎవరూ ఏమీ అనలేదు. వద్దనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

సోమవారం పొద్దున్నే నీళ్ళు తోడుకుని లోపలికొచ్చేసరికి గుమ్మం పక్కన కొక్కెం ఖాళీగా ఉంది. ఉయ్యాల లేదు.

అతని చేతిలో బిందె ఒరిగి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

"ఏంటలా చూస్తావ్?" అన్నాడు సెవెరియానో లోపల్నుంచి. "సోమవారం పొద్దున నీ ఉయ్యాల ఆ కొక్కెం నుంచి దిగాలని చెప్పానా లేదా? నేను మాట తప్పను."

ఎలాదియో చీకటికి కళ్ళు అలవాటు చేసుకుని చూశాడు. అతని ఉయ్యాల లోపలి గోడ దగ్గర, చల్లటి చోట, మామగారి ఉయ్యాల పక్క కొక్కేనికి వేలాడుతోంది. ముడులు గట్టిగా, రెండేసి చుట్లు చుట్టి ఉన్నాయి. ఆ ముడులు వేసిన చేతులు ఎవరివో అడగక్కర్లేదు. రెమిహియా వంటింట్లో ముక్కు చీదుకుంటోంది, పొగకట.

అంతలో కంచె బయట సందడి. క్రెసెన్సియో, వెనక వేట మగాళ్ళందరూ, తుపాకులతో, కుక్కలతో వచ్చి నిలబడ్డారు. ఇంకో జింక కొట్టి, పురిటికి ముందు రెమిహియాకి పెట్టాలని ఊరంతా అనుకున్నారట.

"దవడ తిరిగిచ్చాడు గనక ఇక మన జింకలు మనకి కనపడతాయి" అన్నాడు క్రెసెన్సియో. నవ్వులపాలైన నోరు రెండ్రోజుల్లోనే పూర్తిగా కోలుకుంది. "దాని మహిమే అదంతా. గాలీ లేదు, గీలీ లేదు. చెప్పన్నయ్యా, ఎన్నింటికి బయల్దేరదాం? తెల్లారుజామా, పొద్దు వాలాకా?"

అందరూ సెవెరియానో వంక చూశారు. ఈసారి ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సెవెరియానో ఉయ్యాలలోంచి లేవలేదు. ఒక కాలు నేల మీద తన్ని మెల్లగా ఊగాడు.

"నన్నడుగుతారేంట్రా? వేళ సంగతి మా అల్లుడు చూసుకుంటాడు. ఆయన్నడగండి."

మగాళ్ళందరి తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఎలాదియో బిందె కింద పెట్టాడు. గుమ్మం దాటి బయటికొచ్చి, వంటింటి పొగ ఎటు పోతోందో చూశాడు. చెట్ల కొసలు చూశాడు. తొందరపడలేదు. చివరికి చిన్నమామ మొహంలోకి చూస్తూ, గొంతు సవరించుకుని చెప్పాడు.

"భోజనం చేసి రండి."